రెండు చుట్ల తీగ

మార్చి 4, సోమవారం

నాలుగు వందల పన్నెండు. ఇవాళ సాయంత్రం నాలుగున్నరకు ఆఖరి విడిభాగానికి లేబుల్ అంటించాను. పదకొండు రోజుల పని. మొదటి అర నుంచి చివరి అర దాకా చదువు వచ్చినవాళ్లెవరు నడిచినా ఏ వస్తువు ఏదో ఎవరినీ అడగక్కర్లేదు. పేరు, నంబరు, ఏ విమానం నుంచి తీశారు, ఇంకెంత కాలం వాడొచ్చు, అన్నీ అచ్చు అక్షరాల్లో ఉన్నాయి.

ప్రతి భాగానికీ వేలాడుతున్న పాత తీగ ముక్కలన్నీ కత్తిరించేశాను. బకెట్టున్నర అయ్యాయి. చూడటానికి ఎంత వికారంగా ఉండేవో. ఆకుకూర కట్టలకు కట్టినట్టు విమానం సామానుకు తీగలేమిటి.

సీలు సారు తలుపు దగ్గర ఆగిపోయారు. మా స్టోరుకు అధికారి ఆయనే. రబ్బరు ముద్ర ఎప్పుడూ చొక్కా జేబులోనే ఉంటుంది కాబట్టి అందరూ చాటుగా అనుకునే పేరు అది.

"ఇది మన స్టోరేనా అమ్మా? తప్పు తలుపు తీశానేమో అనుకున్నా."

"మనదే సార్."

"ఇరవై రెండున తనిఖీవాళ్లు వస్తున్నారు. వాళ్లకు కావలసింది ఇదే. నీ ప్రొబేషన్ కాగితం మే నెలలో నా బల్ల మీదికి వస్తుంది. ఇదంతా గుర్తుంచుకుంటాను."

నేను ఇక్కడ చేరి నాలుగు నెలలు. మా ఇంట్లో బడికి వెళ్లిన మొదటి మనిషిని నేనే. కుర్చీలో కూర్చుని చేసే పనికి వచ్చిన మొదటి మనిషినీ నేనే. అమ్మ ఇక్కడే, కడిగే షెడ్డులో ఇరవై నాలుగేళ్లుగా విడిభాగాలు కడుగుతోంది. ఆ షెడ్డుకూ నా బల్లకూ మధ్య ముప్పై అడుగులే. నేను కొలిచాను.

మార్చి 5, మంగళవారం

పిన్ని వాళ్ల ఊళ్లో అమ్మకు రెండో కంటి ఆపరేషన్ బాగా జరిగిందట. పిన్ని ఫోన్ చేసింది. స్టోరు ఎలా మార్చేశానో అమ్మకు చెప్పమన్నాను. చెప్పిందో లేదో.

మార్చి 7, గురువారం

నా సంతకంతో ఇవాళ మొదటి భాగం బయటికి వెళ్లింది. ఇన్నాళ్లూ నేను రాసేదాన్ని, పాత స్టోర్‌కీపరు సంతకం పెట్టేవారు. ఆయన పోయిన నెల రిటైర్ అయ్యారు.

ఆరో నంబరు విమానానికి ల్యాండింగ్ గేరు పిన్ను కావాలని బాబాయ్ వచ్చాడు. ఫిట్టర్లందరికీ పెద్ద ఆయనే. ఊరంతా బాబాయ్ అనే పిలుస్తారు, నేనూ అంతే.

"రైటరమ్మా, ఒక పిన్ను ఇప్పించు. పాతది అరిగిపోయింది. ఇరవై రెండున తనిఖీవాళ్ల ముందు ఆరో నంబరే ఎగరాలట."

అది మూర పొడవు, నా మణికట్టంత లావు ఉండే ఉక్కు ముక్క. విమానం కాలిని దాని ఒంటికి పట్టి ఉంచేది అదే. నేలమీద దిగేటప్పుడు బరువంతా దాని మీదే పడుతుంది. స్టోరులో ఏడు ఉన్నాయి. ఏడు కార్డులూ బల్ల మీద పరిచాను. ఆరు పిన్నులు తలా పధ్నాలుగు వందలో పదిహేను వందలో ల్యాండింగులు చూసినవి. ముప్పై ఒకటో నంబరు మాత్రం రెండు వందల పన్నెండే. దాదాపు కొత్తది. వెయ్యి దాటనివాటికి పగుళ్లు చూసే రంగు పరీక్ష కూడా అక్కర్లేదని నిబంధన.

"ఇంత మంచిది పెట్టుకుని పాతాయన ఎప్పుడూ ఆ ముసలి పిన్నులే ఇచ్చేవాడు. పిసినారి," అన్నాడు బాబాయ్.

"కార్డులు చదివి ఉండరు బాబాయ్," అన్నాను.

సంతకం పెట్టాను. సీలు సారు ముద్ర వేశారు. నా పేరు కింద తడి ఆరేదాకా కార్డు పట్టుకునే నిలబడ్డాను.

మార్చి 8, శుక్రవారం

ఇక్కడి విమానాన్ని అందరూ పెద్దమ్మ అంటారు. పదకొండు ఎగురుతున్నాయి. నాలుగు వెనక మైదానంలో చక్రాలు లేకుండా దిమ్మెల మీద కూర్చుని, ఎగిరేవాటికి తమ ఒంట్లోంచి ముక్కలిస్తున్నాయి. మొదటి పెద్దమ్మ ఎగిరిన ఏడాదికి అమ్మమ్మకు ఇంకా పెళ్లి కాలేదు. ఆ లాగ్ పుస్తకం స్టోరు బీరువాలో ఉంది. మొదటి పేజీ రాసినాయన చేతిరాత ఎంత బాగుందో. ఆయన ఎవరో తెలియదు, కానీ 'గాలి నెమ్మదిగా ఉంది' అని రాశాడు. నాకు అలా రాయాలని ఉంటుంది.

పెద్దమ్మను తయారుచేసిన కంపెనీ మూతపడి ఇరవై ఏళ్లు. పోయిన నెల నేను రాసిన ఉత్తరం తిరిగొచ్చింది. ఆ చోట ఇప్పుడు పరుపుల గోదాం ఉందట. అంటే ఇక్కడ ఉన్నవే మాకు గతి. పోయిందంటే ఇక దొరకదు. అందుకే ఒక్కో ముక్కకూ ఒక కార్డు, పుట్టిన రోజు నుంచీ. చరిత్ర తెలియని ముక్క ఎంత మెరుస్తున్నా తుక్కే.

ఇదంతా అన్నం తింటూ అమ్మమ్మకు చెప్పాను.

"ఇంతకీ అది ఏం చేస్తుందే?"

"బాంబులు వేసే విమానం అమ్మమ్మా."

"ఎవరి మీద?"

"ఇప్పుడు వెయ్యట్లేదు. ముప్పై ఏళ్లయింది. సముద్రం మీద తిరిగొస్తుంది."

"మరి వెయ్యనిదానికి ఇన్నేళ్లుగా మీ అమ్మ చేత అంత తోమిస్తారేం?"

నేను ఇంకొంచెం కూర వేసుకున్నాను.

మార్చి 11, సోమవారం

అమ్మ వచ్చింది. నల్లకళ్లద్దాలతో బస్సు దిగింది. అమ్మమ్మ గుమ్మంలోనే, "ఎవరమ్మా మీరు, మా అమ్మాయి ఇంట్లో లేదు," అంది. అమ్మ నవ్వి, అద్దాలు తీసి, నా మొహం వైపు చాలాసేపు చూసింది.

"నీ చెంప మీద మచ్చ ఉందా? ఎప్పటి నుంచి?"

"పుట్టినప్పటి నుంచి."

"అవునా. ఇన్నాళ్లూ మసి అనుకున్నా."

రోజుకు నాలుగుసార్లు కంట్లో చుక్కలు వెయ్యాలి. నేనే వేస్తున్నాను. రేపే పనికి వస్తానంటోంది. తేలిక పని చెయ్యొచ్చన్నాడట డాక్టరు. స్టోరు చూసి ఏమంటుందో. ఇప్పుడు కళ్లు కూడా బాగా కనిపిస్తున్నాయి కదా.

మార్చి 12, మంగళవారం

అమ్మ స్టోరుకు వచ్చింది.

అరల మధ్య నడిచింది. ఒక్కో లేబుల్‌నూ వేలితో తడిమింది, అక్షరాలు తెలియకపోయినా. చివర మూలలో బకెట్ చూసింది. చేయి పెట్టి ఒక తీగ ముక్క తీసి, మళ్లీ అందులోనే వేసింది. "చాలా కష్టపడ్డారు మేడంగారూ," అంది. బాబాయ్ పక్కనే ఉన్నాడు, అందుకే అలా అని ఉంటుంది. అందరి ముందూ నన్ను అలాగే పిలుస్తుంది, వేళాకోళంగా. ఇవాళ వేళాకోళం ఉందో లేదో తెలియలేదు.

మార్చి 13, బుధవారం

పొద్దున బస్సులో అడిగింది.

"రెండు చుట్లున్నవి ఎక్కడ పెట్టావ్?"

"ఏ రెండు చుట్లు?"

"తీగ. అన్నిటికీ ఒక చుట్టు. తొమ్మిదింటికి రెండు చుట్లు. ఆ తొమ్మిదీ వెనక అరలో ఉండేవి."

"అన్నీ నంబర్ల వరసలో పెట్టానమ్మా. వెనక అర, ముందర అర అని ఏమీ లేవిప్పుడు."

అమ్మ కిటికీ వైపు తిరిగింది. "పిన్నుల్లో ఒకటి ఉంది. అది ఎవరికీ ఇవ్వకూడదు."

"ఏ పిన్ను?"

"నాకు నంబరెలా తెలుస్తుందే? చివర కొంచెం నీలంగా కమిలి ఉంటుంది."

ముప్పై ఒకటి. చివర నీలంగా ఉంటుంది. బ్యాగులోంచి కార్డు నకలు తీసి చూపించాను, తను చదవలేదని తెలిసి కూడా. "ఇదిగో, దీని మీద ఏ లోపం రాసి లేదు. రెండు వందల పన్నెండు ల్యాండింగులు. అన్నిటికంటే మంచిదే ఇది. ఇవ్వకూడదంటే ఆ సంగతి ఇక్కడ ఉండాలి కదమ్మా. లేదు."

"సరేలే," అంది.

దిగాక నా కన్నా ముందు నడిచింది.

మార్చి 14, గురువారం

కార్డు సరిగ్గానే ఉంది.

మార్చి 15, శుక్రవారం

భోజనాల వేళ హ్యాంగరుకు వెళ్లాను. ఊరికే. పిన్ను బిగించేశారు, దాని మీద మూతా వేసేశారు. బాబాయ్ చక్రం నీడలో కూర్చుని తింటున్నాడు.

"ముప్పై ఒకటో నంబరు పిన్ను ఇంతకు ముందు ఏ విమానంలో ఉండేది బాబాయ్?"

"నీ కార్డులో ఉంటుందిగా."

"తొమ్మిదో నంబరు అని ఉంది."

"తొమ్మిదా." నమలడం ఆపాడు. "అది ఓసారి పక్కగాలిలో దభీమని దిగింది. నా పళ్లు కూడా కదిలాయనుకో, నేను కింద నిలబడి చూస్తున్నా. ఆ తర్వాత దాన్ని ఎగరనివ్వలేదు. అదిగో, మైదానంలో చివరిది."

"అది కార్డులో లేదు."

"పిన్ను కార్డులో ఎందుకుంటుంది? విమానం పుస్తకంలో ఉంటుంది. ఆ పుస్తకం వాన నీళ్లొచ్చిన ఏడాది తడిసి ముద్దయింది. ఏం, ఏమైంది?"

"ఏం లేదు. కార్డులు పూర్తి చేస్తున్నా."

ఆరో నంబరు కెప్టెన్ అప్పుడే అటు వచ్చాడు. చాలా చిన్నవాడు, నాకంటే రెండేళ్లు పెద్ద ఉంటాడేమో. "కొత్త పిన్ను ఇచ్చింది మీరేనటగా," అన్నాడు. "థాంక్సండీ. ఇక బెంగ లేకుండా దిగొచ్చు."

"కొత్తది కాదండి. తక్కువ వాడినది," అన్నాను.

తిరిగొస్తుంటే తట్టింది. రెండు వందల పన్నెండు అంత తక్కువ ఎందుకుంది? తొమ్మిదో నంబరు ఆగిపోయాక పదేళ్లుగా ఈ పిన్నును ఎవరూ దేనికీ పెట్టలేదు. పాతాయన పిసినారి కాదు. వెనక అరలో పెట్టి, పక్కనున్నది ఇస్తూ వచ్చాడు. ఎవరూ ముట్టుకోకపోవడం వల్ల కార్డు మీద అది మంచిదైపోయింది. నేను దాన్ని ఏరి మరీ ఇచ్చాను.

ఇది ఊహ మాత్రమే. ఆయన మతిమరుపు మనిషి కూడా.

మార్చి 16, శనివారం

కార్డు సరిగ్గానే ఉంది. మూడుసార్లు చూశాను. నా పని నాకు వచ్చు.

మార్చి 17, ఆదివారం

అమ్మ బట్టలు ఆరేస్తోంది. నేను ఇక్కడ కూర్చుని ఒక విషయం రాస్తున్నాను. దీన్ని ఇంకెవరూ చదవరు.

ఈ నెల నాలుగున తీగల గురించి, చూడటానికి వికారంగా ఉన్నాయి అని రాశాను. పదమూడున అమ్మతో 'ఏ రెండు చుట్లు' అన్నాను. తెలియనట్టు. నాకు తెలుసు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు బడి అయ్యాక కడిగే షెడ్డులో బోర్లించిన డబ్బా మీద కూర్చుని లెక్కలు చేసుకునేదాన్ని. అమ్మ ఒక్కో భాగం కడిగి, గుడ్డతో తుడిచి, ఫిట్టర్లు పారేసిన తీగ ముక్కలు ఏరి తెచ్చి కట్టేది. చాలావాటికి ఒక చుట్టు. ఎప్పుడో ఒకసారి రెండు. "రెండెందుకమ్మా?" అంటే, "దీన్ని ఇవ్వొద్దని మీ స్టోరు తాతకి చెప్పడం," అంది. స్టోరు తాత అంటే ఆ పాత స్టోర్‌కీపరే. "రాయొచ్చుగా," అన్నాను. "నువ్వు పెద్దయ్యాక వచ్చి రాయి," అంది.

వచ్చాను. వచ్చి కత్తిరించాను. మా అమ్మకు రాయడం రాదని గోడల నిండా వేలాడుతున్నట్టు ఉండేది నాకు ఆ తీగలు చూస్తే. అమ్మ ఊళ్లో లేని పదకొండు రోజులే ఎందుకు ఎంచుకున్నాను? పని త్వరగా అవుతుందని అనుకున్నాను. అలాగే అనుకున్నాను, నిజంగా.

మార్చి 18, సోమవారం

బిగించిన భాగాన్ని మళ్లీ తీయించాలంటే ఒక ఫారం ఉంది. అందులో ఒక గడి: తీయడానికి కారణం. దాని ముందు గంటసేపు కూర్చున్నాను. 'తీగ' అని రాస్తే చించి పారేస్తారు. అమ్మ పేరు రాస్తే, ఎవరి అనుమతితో భాగాలకు గుర్తులు పెడుతున్నావని ముందు అమ్మనే అడుగుతారు. ఆ పని పోతే అమ్మకు ఇంకో పని తెలియదు.

రాసింది ఇది: 'ఈ భాగం చరిత్ర నాకు పూర్తిగా తెలియదు. తెలిసినట్టు సంతకం చేశాను.'

సీలు సారు చదివి, తలుపు వెయ్యమన్నారు.

"ఏంటమ్మా ఇది?"

"కారణం సార్."

"నాలుగు రోజుల్లో తనిఖీ. విమానాన్ని జాకీల మీదికి ఎక్కించాలి. పదకొండు మంది, ఒక పూటంతా. ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరూ చెప్పలేదు సార్. తొమ్మిదో నంబరు గట్టిగా దిగిందని కార్డులో లేదు. అది ఉంటే నేను పరీక్ష చేయించకుండా ఇచ్చేదాన్ని కాదు."

"పరీక్ష చేస్తే ఏమీ లేదని తేలితే?"

"అప్పుడు ఏమీ లేదని కార్డులో రాస్తాను."

"చూడమ్మా. ఈ మాట ఈ కాగితం మీద నీ చేతిరాతలో ఉంటే మే నెలలో నేను నీకు ఏం సాయం చెయ్యగలను? కొంచెం మార్చి రాయి. 'అదనపు పరిశీలన నిమిత్తం' అని రాయి. అందరూ అలాగే రాస్తారు."

"అది నిజం కాదు సార్."

ఆయన ముద్ర తీశారు. చేతిలో తిప్పారు. దాని మీద నోటితో వెచ్చగా ఊదారు, ఇంకు ఆరిపోయినప్పుడు చేసేది అలాగే. వేశారు.

"చక్కని చేతిరాత," అన్నారు. "అదే బాధ."

మార్చి 19, మంగళవారం

జాకీలు ఎక్కించారు. పదకొండు మందీ నన్ను చూసినప్పుడల్లా చొక్కాతో చెమట తుడుచుకున్నారు, కనబడేలా.

"రైటరమ్మా, ఒక్క గీత గీసి మా నడుములు విరగ్గొట్టావు," అన్నాడు బాబాయ్. "మధ్యాహ్నం నుంచి నువ్వూ ఒక జాకీ తిప్పు."

తిప్పాను. నవ్వారు. తర్వాత నవ్వలేదు, సరిగ్గానే తిప్పాను.

మూడు గంటలకు పిన్ను బయటికి వచ్చింది. తుడిచి, ఎర్ర ద్రావకం పూసి, ఆగి, కడిగి, తెల్లపొడి చల్లారు. పగులుంటే దాని లోపలికి దిగిన ఎరుపు పొడిలోకి పైకి వస్తుంది. అందరం వంగి చూశాం. కెప్టెన్ కూడా వచ్చాడు.

తెలుపు. ఎక్కడా ఏమీ లేదు. ఉతికిన పంచెలా ఉంది.

"శుభం," అన్నారు సీలు సారు. "మళ్లీ పెట్టెయ్యండి."

"రేపు పొద్దునదాకా ఆగండి సార్," అన్నాను. ఎందుకన్నానో చెప్పలేను. ఆయన గడియారం చూసుకున్నారు. బాబాయ్ నా మొహం చూసి, "ఎలాగూ డ్యూటీ దిగే టైమయింది. రేపు పెడతాం లెండి," అన్నాడు.

ఇంటికొచ్చి అమ్మను వెనక్కి వాల్చి కంట్లో చుక్కలు వేశాను. కళ్లు మూసుకుని ఉంది. అప్పుడు అడిగాను.

"ఆ పిన్నుకి రెండు చుట్లు ఎందుకు వేశావు?"

కళ్లు మూసుకునే చెప్పింది. "ఇప్పుడడిగావు. ఆ రోజు అడుగుతావనుకున్నా. కార్డు తీశావు."

"చెప్పమ్మా."

"లోపల గ్రీజు రంధ్రం ఉంటుందిగా. దాన్ని దూదితో తుడుస్తాను, తీగకి చుట్టి. అన్నిట్లోంచీ దూది జారి వచ్చేస్తుంది. దాంట్లో ఒకచోట పట్టుకుంది. మళ్లీ లాగితే మళ్లీ అక్కడే పట్టుకుంది. అప్పటికే నా కళ్లకి మసకలు, నేను వేళ్లతోనే చూసుకునేదాన్ని. ఏముందో నాకు తెలియదే. దూది పట్టుకుంది. అంతే నాకు తెలిసింది."

లోపల. వాళ్లు పూసింది పైన.

మార్చి 20, బుధవారం

అమ్మను రమ్మన్నాను. "నేనెందుకు, నువ్వు చెప్పు చాలదా?" అంది. "నాకు చేతకాదు. నీకే వచ్చు," అన్నాను. రబ్బరు ఏప్రన్‌తోనే వచ్చింది, నల్లద్దాలు పెట్టుకుని. ఇరవై నాలుగేళ్లలో హ్యాంగరు లోపలికి రావడం మొదటిసారట. కడిగే షెడ్డువాళ్లకు గీత దాటి రావలసిన పని ఉండదు. తలెత్తి పెద్దమ్మ పొట్ట కింద నుంచి తోక దాకా చూసింది.

"ఇంత ఉంటుందా," అంది.

"వదినా, ఆ అద్దాలేంటి, మమ్మల్ని గుర్తుపట్టకూడదనా?" అన్నాడు బాబాయ్.

"నిన్ను గుర్తుపట్టడానికి కళ్లెందుకు? ఆ బీడీ కంపు చాలదూ?"

పదకొండు మందిలో ఎవరో పగలబడి నవ్వారు. సీలు సారు నవ్వలేదు. "త్వరగా కానివ్వండి," అన్నారు.

అమ్మ నూనె తగలని దూది అడిగింది. సన్నని తీగ కొసన చుట్టింది, వేళ్లతో ఒకసారి నొక్కి చూసుకుంది, పిన్ను రంధ్రంలోకి పంపింది. అవతలి కొస నుంచి మెల్లగా లాగింది. చిటికెన వేలు పట్టేంత రంధ్రం. నాలుగు అంగుళాల దగ్గర ఆగింది.

"ఇక్కడ."

దూది వచ్చేసింది. అందరికీ అంతే కనిపించింది. "వచ్చిందిగా," అన్నారు సారు.

"అంతా రాలేదండి. ఒక పోగు ఉండిపోయింది."

బాబాయ్ పళ్ల డాక్టర్ల దగ్గరుండేలాంటి చిన్న అద్దం తెచ్చి, దీపం వేసి, రంధ్రంలోకి పెట్టాడు. ఒంటికన్నుతో చాలాసేపు చూశాడు. నిటారుగా లేచి, అద్దం సారుకు ఇచ్చాడు. తర్వాత నాకు. గ్రీజు దారి మలుపు తిరిగే మూల దగ్గర ఒక తెల్లని పోగు నిలువుగా నిలబడి ఉంది, ఎవరో పట్టుకున్నట్టు.

మళ్లీ చేయమన్నారు. రెండోసారి అక్కడే. మూడోసారి అక్కడే.

ఎర్ర ద్రావకాన్ని దూదితో లోపలికి పంపారు. ఇరవై నిమిషాలు. ఎవరూ కూర్చోలేదు. తుడిచి, సన్నని గొట్టంతో పొడి ఊదారు. మొదట తెల్లగానే ఉంది. తర్వాత ఆ మూలలో బియ్యపు గింజంత ఎర్ర గీత మెల్లగా పైకి వచ్చింది. చూస్తుండగానే ఇంకొంచెం పొడవైంది.

బాబాయ్ పిన్నును బల్ల మీద పెట్టాడు, గాజు గ్లాసు పెట్టినంత నెమ్మదిగా. "దీంతో ఇంకెన్నిసార్లు దిగేదో," అన్నాడు. "ఒకటో, పదో. చెప్పలేం."

కెప్టెన్ అమ్మ దగ్గరికి వచ్చాడు. "అమ్మా, మీ పేరేంటండి?"

"కడిగే షెడ్డు అనండి బాబూ. ఎవరినడిగినా చెప్తారు."

తిరిగి ముప్పై అడుగులూ నేను తన పక్కనే నడిచాను.

మార్చి 21, గురువారం

పిన్ను నంబరు 18. పధ్నాలుగు వందల అరవై ల్యాండింగులు. పైనా లోపలా రంగు పరీక్ష. ముందు దూది. సంతకం పెట్టాను. తడి ఆరేదాకా ఆగలేదు, పని చాలా ఉంది.

మార్చి 22, శుక్రవారం

ఆరో నంబరు పదింపావుకు లేచింది. నేల ఒణికి స్టోరు అరలన్నీ గలగలమన్నాయి. అది ఏం మోయడానికి పుట్టిందో నాకు తెలుసు. అమ్మమ్మ అడిగినదీ గుర్తుంది. దానిలో ఆరుగురు కూర్చుంటారని మాత్రం తెలుసు. వాళ్లు దిగేదాకా తలుపు దగ్గరే ఉన్నాను. అమ్మ తన తలుపు దగ్గర ఉంది. దిగింది. రెండు చక్రాలూ ఒక్కసారే తాకాయి.

మధ్యాహ్నం తనిఖీ పెద్దాయన నా ఫారం పట్టుకుని వచ్చారు.

"ఇది రాసింది నువ్వేనా?"

"నేనేనండి."

"ఇలాంటి కారణం నా సర్వీసులో చూడలేదు." అరల వైపు చూశారు. "లేబుళ్లు బాగున్నాయి. వీటిలో ఎన్నిటి చరిత్ర నీకు తెలుసు?"

సీలు సారు నా వైపు చూడకుండా పైకప్పు చూశారు.

"కార్డుల్లో ఉన్నంతే తెలుసండి. ఇక్కడ ఇంకో లెక్క ఉండేది. తీగలతో. ప్రతి భాగాన్నీ కడిగినప్పుడు చేతికి ఏం తెలిసిందో అది చెప్పేది. దాన్ని నేను తీసేశాను. రెండు చుట్లవి తొమ్మిది ఉండేవి. ఒకటి దొరికింది. మిగతా ఎనిమిదీ ఇక్కడే ఉన్నాయి, ఏవో నాకు తెలియదు."

"ఆ తీగలకు ఎవరి అనుమతి ఉంది?"

నేను నోరు తెరిచేలోపు సీలు సారు అన్నారు, "నాదేనండి. నోటిమాటగా." జేబు తడుముకున్నారు, అక్కడ ముద్ర ఉందో లేదో చూసుకున్నట్టు.

ఆయన అబద్ధం ఆడటం నేను ఇంతకు ముందు చూడలేదు. చాలా బాగా ఆడారు.

మార్చి 26, మంగళవారం

ఉత్తరం వచ్చింది. నా ప్రొబేషన్ ఇంకో ఆరు నెలలు పొడిగించారు. కారణం గడిలో, 'పరిశీలన లేకుండా గుర్తులు తొలగించినందుకు' అని ఉంది. సరిగ్గానే రాశారు. నేను రాసినా అలాగే రాసేదాన్ని.

ఇంకో కాగితం కూడా వచ్చింది. నాలుగు వందల పన్నెండింట్లో తీసేసిన ముప్పై ఒకటో నంబరు పిన్ను పోగా మిగతావన్నీ మళ్లీ కడగాలి, మళ్లీ రాయాలి. ప్రతి కార్డు అడుగునా కొత్త గడి ఒకటి: కడిగినప్పుడు తెలిసినది. ఆ గడి పేరు నేను సూచించిందే, ఒక్క అక్షరం మార్చలేదు.

ముప్పై ఒకటిని ఇక ఎవరూ వాడకుండా రంపంతో రెండుగా కోశారు. ఒక ముక్క బాబాయ్ తెచ్చి నా బల్ల మీద కాగితాలు ఎగరకుండా పెట్టాడు. "బరువుగా ఉంది, జాగ్రత్త," అన్నాడు.

ఏప్రిల్ 2, మంగళవారం

నా బల్ల కడిగే షెడ్డులోకి మార్పించాను. సీలు సారు, "తడికి కార్డులు పాడవుతాయమ్మా," అన్నారు. బోర్లించిన డబ్బా మీద కూర్చుని, కార్డులు ఒళ్లో పెట్టుకుని రాస్తున్నాను. చిన్నప్పటి కంటే డబ్బా పొట్టిదయింది.

బకెట్టున్నర తీగలు బయట పారేయలేదు, అదృష్టం. అమ్మ అవే మళ్లీ వాడుతోంది.

ఇవాళ పంతొమ్మిది అయ్యాయి. పధ్నాలుగోది ఒక చిన్న కవాటం, కొత్తదానిలా మెరుస్తోంది. అమ్మ తుడిచింది, చెవి దగ్గర పెట్టుకుని తిప్పింది, తీగ తీసి రెండు చుట్లు చుట్టింది.

ఎందుకని అడిగాను.

చెప్పింది. రాశాను.